వార్డు మెంబరు చేతిలో ఏముంటది? గర్భిణులు, పసిపిల్లల విషయంలో పంచాయతీ చేయగలిగిందేంటి?

వార్డు4_మెంబరు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుడే తప్ప ఎన్నడూ రాయలే. ఈసారి ఎన్నికల్ల మా ఊళ్లె 4వ వార్డు మెంబరుగ గెలిచిన. మాది సూర్యాపేట దిక్కు, రెండున్నర వేల జనాభా.

గెలిచినంక మొదటిసారి బుధవారం టీకాల రోజు అంగన్‌వాడీకి పోయిన. ఏఎన్‌ఎం (సర్కారు నర్సమ్మ) వచ్చింది, ఆశా (ఊరి ఆరోగ్య కార్యకర్త) వచ్చింది, 11 మంది గర్భిణులు వచ్చిండ్రు. ఉన్నది ఒక్క గది. పిల్లలు అందులనే, పొయ్యి అందులనే, బాలామృతం డబ్బాలు అందులనే. కడుపు చూడాలంటే రెండు బడి బల్లలు దగ్గరికి జరిపి పండుకోబెడుతున్నరు. అడ్డంగ ఒక చీర. ఒక కొస కిటికీ ఊచకు కట్టిండ్రు, రెండో కొస పట్టుకొని ఆయా నిలబడ్డది. నడుమల ఆయాకు ఫోనొచ్చింది, చీర జారింది. బల్ల మీద ఎనిమిదో నెల పిల్ల, మొహం గోడ దిక్కు తిప్పుకున్నది.

సర్పంచ్‌ను అడిగితే "అది హెల్త్ డిపార్టుమెంటోళ్ల పని, అంగన్‌వాడీ ఐసీడీఎస్‌ది, అంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖది, మనకేం సంబంధం" అన్నడు. నిజంగనే మనకేం సంబంధం లేదా? ఒక మంచం, ఒక తెర కొనాలంటే ఎవరిని అడగాలె?

నిష్ఠూరంగా_ఉన్నా | సోమవారం, రాత్రి 10:05

మీ సర్పంచే రైటు. పంచాయతీ అంటే వీధిలైట్లు, మురిక్కాల్వలు, అంతే. మంచం కొంటే రేపు ఆడిట్లో మీకే చుట్టుకుంటుంది. అయినా ఈ రోజుల్లో సర్కారు దగ్గరికి ఎవరెళ్తున్నారండీ? మా వీధిలో కడుపుతో ఉన్న ప్రతి పిల్లా టౌన్లో ప్రైవేటుకే.

లెక్కలమాస్టారు | సోమవారం, రాత్రి 10:50

నాగరికంగా విభేదిస్తున్నాను. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలు తీసి చూడండి. 29 అంశాలున్నాయి. 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం, అందులో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు కలిపే రాశారు. 24వది కుటుంబ సంక్షేమం. 25వది స్త్రీ శిశు అభివృద్ధి. వరసగా మూడూ మెంబరుగారు అడిగినవే. సర్పంచ్‌గారికి సంబంధం లేదంటే రాజ్యాంగానికీ లేనట్టే.

అయితే మెలిక ఒకటుంది. పంచాయతీలకు ఈ అధికారాలు రాష్ట్రాలు "ఇవ్వవచ్చు" అని రాశారే గాని "ఇవ్వాలి" అనలేదు. కేరళ 90లలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను గ్రామ పంచాయతీల కింద పెట్టింది. మన దగ్గర షెడ్యూలు షెడ్యూల్లోనే ఉంది, డాక్టరు జీతం, మందులు, బదిలీ అన్నీ పైన ఉన్నాయి.

సందర్భం కాకపోయినా ఒక మాట. 1994 పంచాయతీరాజ్ చట్టం మీ కాన్పు గదిలోకి తొంగిచూడకపోయినా మీ పిల్లల్ని మాత్రం లెక్కపెట్టింది. ఇద్దరికి మించి ఉంటే పోటీకి అనర్హులు అంది. ఆంధ్రలో ఆ నిబంధన 2024లో గాని పోలేదు.

కార్యదర్శి_కష్టాలు | మంగళవారం, ఉదయం 7:15

మాస్టారు చట్టం చెప్పారు. డబ్బు సంగతి నేను చెప్తా, పంచాయతీ కార్యదర్శిగా పదకొండేళ్ల సర్వీసు.

మెంబరు గారూ, మీకు దారులు మూడు.

విలేజ్ హెల్త్ శానిటేషన్ కమిటీ అని ఒకటి ఉండాలి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. గ్రామానికి ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి, అంటే ఇదే పనికి వాడాలన్న షరతు లేనిది. సబ్‌సెంటరుకు, అంటే ఆరోగ్య ఉపకేంద్రానికి, విడిగా ఇంకొంత, దానికి సర్పంచ్, ఏఎన్‌ఎం జాయింట్ ఖాతా. మీరు అడిగిన మంచం, తెర సరిగ్గా ఈ డబ్బుతో కొనదగ్గవే. కాకపోతే అది ఠంచనుగా రాదు, వచ్చినా ఏ మార్చిలోనో వస్తుంది. అప్పుడు బిల్లుల కోసం ఫినాయిలు కొంటారు. మా ఊళ్లో ఒక ఏడాది 10,000కీ ఫినాయిలూ బ్లీచింగే. సబ్‌సెంటరు ఏమో గానీ నా ముక్కు మాత్రం శుభ్రమైంది.

రెండోది ఆర్థిక సంఘం నిధులు. 15వ సంఘం (2021-26) లెక్కలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పోవాలి. 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కుదరదు. అంగన్‌వాడీలో మరుగుదొడ్డి, నల్లా అయితే ఆ 60లోనే పెట్టేయొచ్చు, ఎవరూ ప్రశ్నించరు. ఇది చాలామంది సర్పంచ్‌లకు తట్టదు.

మూడోది, గది ఇరుకు అన్నారు కాబట్టి, కొత్త అంగన్‌వాడీ భవనం. 12 లక్షల అంచనాలో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు ఆర్థిక సంఘం నుంచి, 2 లక్షలు స్త్రీ శిశు సంక్షేమ శాఖ నుంచి కలిపి కట్టిన నమూనా ఉంది. స్థలం చూపించాల్సింది మాత్రం పంచాయతీ. సగం ఊళ్లలో అక్కడే ఆగుతుంది.

ఏదైనా సరే, గ్రామసభ తీర్మానంలో ఉండాలి, వార్షిక ప్రణాళికలో ఎక్కాలి. నోటిమాట పనికిరాదు. ఆపైన చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి మీ తెలంగాణలో. ఇద్దరూ ఒకే పార్టీయేనా?

వార్డు4_మెంబరు | మంగళవారం, ఉదయం 8:02

ఒక్క పార్టీనే. కానీ ఇద్దరికి మాటల్లేవ్ 😔

సమితి_నర్సమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా మెంబరూ, నీ పోస్టు చదివి కళ్లజోడు తుడుచుకున్నాను. మాది తూర్పుగోదావరి. 1981లో ఏఎన్‌ఎంగా చేరాను, రిటైరై చాలాకాలమైంది. టైపు చేసేది మా మనవరాలు, చెప్పేది నేను.

మేం చేరినప్పుడు మండలాలు లేవు, పంచాయతీ సమితులు. అందుకే ఊళ్లో నన్ను సమితి నర్సమ్మ అనేవాళ్లు, ఇక్కడా ఆ పేరే పెట్టుకున్నాను. అప్పట్లో కాన్పులు ఇళ్లల్లోనే. మంత్రసాని ముందు, మేం వెనక. దూడల కొట్టం పక్కన ఓ మూల గది, కిటికీకి గోనెపట్టా, గాలి తగిలితే బాలింతకి జన్ని వస్తుందని. బొడ్డు కొడవలితోనో వెదురుబద్దతోనో కోసేవారు. కోశాక బూడిద అద్దేవారు. వారం తిరక్కుండా పసిగుడ్డు పాలు పట్టడం మానేసి కర్రలా బిగుసుకుపోయేది. ధనుర్వాతం. ఆ చూపు నేను మర్చిపోలేదు.

మేం మంత్రసానుల్ని పోగేసి అయిదు శుభ్రతలు చెప్పేవాళ్లం. చేతులు శుభ్రం, పడక శుభ్రం, బ్లేడు శుభ్రం, దారం శుభ్రం, బొడ్డు శుభ్రం, దాని మీద ఏమీ పుయ్యొద్దు. ఒక సంచీలో కొత్త బ్లేడు, దారం, సబ్బు, ప్లాస్టిక్ గుడ్డ ఇచ్చేవాళ్లం. ఒక ముసలామె బ్లేడు దాచుకుని కొడవలే వాడింది. ఏమంటే, "కొత్త బ్లేడు పెళ్లికొడుక్కి పనికొస్తదని దాచా" అంది. నవ్వాలో తిట్టాలో తెలీలేదు.

ఇదంతా ఎందుకంటే, అప్పుడు ప్రెసిడెంటుగారు మా దగ్గరికి వచ్చి "ఈ నెల ఎందరు నీళ్లోసుకున్నారు నర్సమ్మా" అని అడిగేవాడు. డబ్బిచ్చేవాడు కాదు, కానీ లెక్క తెలిసేది. వాన పడితే బండి పంపేవాడు. ఇప్పటి సర్పంచ్‌లకి మీ ఊళ్లో ఎందరు గర్భిణులున్నారంటే తెలుసా? నువ్వు పదకొండు అని లెక్కపెట్టి చెప్పావు చూడు, అక్కడే సగం పని చేశావు.

నిష్ఠూరంగా_ఉన్నా | మంగళవారం, సాయంత్రం 5:11

అమ్మగారూ, మీరంటే గౌరవమే. కానీ ఆ రోజులు పోయాయి. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే, అంబులెన్సు ఇంటి ముందుకే వస్తుంది. ఇక పంచాయతీ చేసేదేంటి? బల్ల మీద తెర కట్టడమా?

కార్యదర్శి_కష్టాలు | మంగళవారం, సాయంత్రం 5:40

@నిష్ఠూరంగా_ఉన్నా ఆసుపత్రుల్లోనే అన్నది నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రలో 96.5 శాతం ఆసుపత్రి కాన్పులే. దాని వల్ల ఒక వింత జరిగింది, నా రిజిస్టరే సాక్ష్యం. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. కాన్పులు టౌన్లో, కాబట్టి నమోదు మున్సిపాలిటీలో. మా పంచాయతీ జనన రిజిస్టరు నిరుడు ఒక పేజీ దాటలేదు, మరణాల రిజిస్టరు మాత్రం నిండుతోంది. కాగితం మీద చూస్తే మా ఊళ్లో మనుషులు పోవడమే తప్ప పుట్టడం లేదు!

పని కూడా టౌనుకు పోయిందా అంటే, కాన్పు ఒక్కటే పోయింది. దానికి ముందు తొమ్మిది నెలలు, తర్వాత రెండేళ్లు ఊళ్లోనే కదా.

ఇక్కడ చదివేవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటి: 21 రోజుల్లోగా నమోదు ఉచితం. పేరు పెట్టకపోయినా నమోదు చేయించేయండి, ఏడాదిలోగా పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. బారసాల కాలేదని ఆగకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

మాదీ_బస్తీయే | మంగళవారం, రాత్రి 9:20

పంచాయతీల గురించే మాట్లాడుతున్నారు, మున్సిపాలిటీ వాళ్లం మేమూ ఉన్నాం. హైదరాబాద్. 2018 నుంచి బస్తీ దవాఖానలు వచ్చాయి, షుగరు, బీపీ, జ్వరం వరకు బాగానే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలు అక్కడే తీశారు, పైసా తీసుకోలేదు. కానీ అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కోడానికే నాకు మూడు నెలలు పట్టింది. అద్దె ఇంట్లో నడుస్తది, ఓనర్ ఖాళీ చేయించినప్పుడల్లా వేరే గల్లీ. కార్పొరేటర్‌ను అడిగితే "అంగన్‌వాడీ మా కిందికి రాదమ్మా" అన్నారు.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 9:55

@మాదీ_బస్తీయే ఆ కార్పొరేటరు చెప్పినదాంట్లో, విచారకరంగా, కొంత పస ఉంది. పట్టణాలకు వర్తించే పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలుంటే ప్రజారోగ్యం ఉంది, జనన మరణాల నమోదు ఉంది, పశువుల బందెలదొడ్డి కూడా ఉంది. స్త్రీ శిశు అభివృద్ధి అనే మాట లేదు. ఊళ్లో బాలింతకు రాజ్యాంగంలో దొరికిన చోటు పట్నం బాలింతకు దొరకలేదు.

మన్యం_మిత్ర | మంగళవారం, రాత్రి 11:30

ఇంటి ముందుకే అంబులెన్సు అన్నవారు ఒక్కసారి పార్వతీపురం కొండల మీదికి రండి. రోడ్డు ఆగిన చోట అంబులెన్సు ఆగుతుంది. అక్కడి నుంచి డోలీ. రెండు కర్రలు కాదు, ఒకే కర్ర, దానికి దుప్పటి ముడేసి, అందులో ఆవిడ ముడుచుకుని. దిగుడులో ముందు మోసేవాడి భుజం మీదే బరువంతా. వానాకాలం వాగు దాటేటప్పుడు ఇంకో ఇద్దరు పక్కన పట్టుకోవాలి.

2018లో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సాలూరులో గిరిజన గర్భిణులకు వసతి గృహం పెట్టింది. నెలలు నిండే ముందే కిందికి తెచ్చి ఉంచుతారు, తిండి, పరీక్షలు అక్కడే. మంచి పని. మొదట్లో ఎవరూ దిగేవారు కాదు. ఇంట్లో మేకల్ని ఎవరు చూస్తారు, పెద్దపిల్లాడికి ఎవరు వండుతారు? అది తీర్చాకే దిగారు, పెద్దపిల్లల్నీ వెంట తెచ్చుకోనిచ్చాక. ఏ జీవోలోనూ మేకల సంగతి ఉండదు.

మా పంచాయతీ చేయగలిగింది ఏంటంటే మట్టిరోడ్డు. ఉపాధి హామీలో రెండు కిలోమీటర్లు వేశాం. నన్నడిగితే మా ఊళ్లో ప్రసూతి సేవ అంటే ఆ రెండు కిలోమీటర్లే.

యార్క్‌షైర్_అత్త | బుధవారం, తెల్లవారుజాము 3:10

ఇంగ్లండ్ నుంచి. నేను ఇక్కడ హెల్త్ విజిటర్‌ని, అంటే కాన్పు తర్వాత ఇళ్లకు వెళ్లి తల్లినీ బిడ్డనీ చూసే నర్సుని. పుట్టింది తెనాలి దగ్గర.

ఇక్కడ ఇది చాలాకాలం లోకల్ కౌన్సిళ్ల పనే. 1918లోనే తల్లీ శిశు సంక్షేమానికి చట్టం చేసి స్థానిక సంస్థలకు కమిటీలు పెట్టమన్నారు. 1974లో ఎన్‌హెచ్‌ఎస్ తీసుకుంది, 2015 అక్టోబరులో మళ్లీ కౌన్సిళ్లకు అప్పగించారు. పుట్టకముందు ఒకసారి, పుట్టాక రెండు వారాల్లోపు, 6-8 వారాలకు, ఏడాదికి, రెండు రెండున్నరేళ్లకు, మొత్తం అయిదుసార్లు తప్పక చూడాలి.

స్వర్గం అనుకోకండి. పని అప్పగించిన చేత్తోనే గ్రాంటు కోశారు, మా సంఖ్య తగ్గిపోయింది. స్థానిక సంస్థకి ఇస్తే బాగుపడుతుందన్నది నేను పూర్తిగా నమ్మను. డబ్బు లేకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే పైవాడు చేతులు దులుపుకోడానికి వీలు, అంతే.

మన ఆశాలు ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆరుసార్లు! మా కంటే ఎక్కువ. మా చెల్లికి కాన్పయినప్పుడు ఆశా ఎన్నిసార్లు వచ్చిందంటే రెండుసార్లు. రాలేదని కోపం లేదు, ఆవిడకి ఇచ్చేది నెలన్నర తిరిగినందుకు మొత్తం 250 రూపాయలని తెలిశాక.

ఆశాగానే_ఉన్నా | బుధవారం, ఉదయం 6:20

అత్తమ్మ గారూ నిజం చెప్పినందుకు దండం. ఇంకోటి కూడా రాయండి. మొదటి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకుపోతారు. పేరు అత్తగారి ఊరి అంగన్‌వాడీలో, మనిషి పుట్టింట్లో. గుడ్లు, పాలు ఇక్కడ ఇయ్యాలా అక్కడ ఇయ్యాలా? ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తేనే రేషను. మనిషే లేకపోతే ముఖం ఎక్కడ? యాప్‌లో ఊరు మార్చొచ్చు, కానీ మారుస్తామని రెండు చోట్లా చెప్పేవాళ్లుండాలి కదా. సరిగ్గా రక్తం తక్కువుండే నెలల్లోనే తిండి తెగిపోతుంది.

సమితి_నర్సమ్మ | బుధవారం, ఉదయం 10:00

ఈ పిల్ల చెప్పింది బంగారం. మా కాలంలోనూ ఇదే. ఇప్పటికీ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతేనట రెండు రాష్ట్రాల్లోనూ. మాత్రలు ఇస్తే తీసుకుంటారు, వేసుకోరు. నల్లగా విరేచనం అవుతుందని భయం, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని అత్తల భయం. మాత్ర చేతిలో పెట్టి రావడం కాదు, ఎదురుగా మింగించాలి, అదీ అన్నం తిన్నాక, టీతో కాకుండా.

నిష్ఠూరంగా_ఉన్నా | బుధవారం, రాత్రి 8:45

సరే, ఒక సంగతి ఒప్పుకుంటాను. మా కోడలికి నిరుడు టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అవసరమో కాదో మాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. మంచి ముహూర్తం ఉందని మేమే ఒక టైము చెప్పాం, వాళ్లు వెంటనే సరే అన్నారు. ఇప్పుడు తల్చుకుంటే, అంత సులువుగా ఎందుకు సరే అన్నారా అనిపిస్తుంది.

లెక్కలమాస్టారు | బుధవారం, రాత్రి 9:30

మీరొక్కరే కాదు. కార్యదర్శిగారు చెప్పిన ఆ 2019-21 సర్వేలోనే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తానికి 21.5. ఆంధ్ర 42.4. ఇంకో పక్క 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45, దేశంలో 97. కాబట్టి ఆసుపత్రులు ప్రాణాలు కాపాడలేదని ఎవరూ అనలేరు. కడుపు కోయించుకోకుండా కాపాడవచ్చునా అన్నదే ప్రశ్న. కరీంనగర్‌లో 2017లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ, అంటే మామూలు కాన్పులు చేయించే శిక్షణ, మొదలుపెట్టింది అందుకే.

వార్డు4_మెంబరు | ఆదివారం, రాత్రి 9:15 (అయిదు వారాల తర్వాత)

చాన్నాళ్లకు వచ్చిన. అందరు చెప్పింది ప్రింటు తీసుకొని గ్రామసభకు పోయిన. మాస్టారు చెప్పిన 23, 24, 25 చదివిన. ఎవరికి ఎక్కలే. నర్సమ్మ గారు చెప్పినట్టు "మన ఊళ్లె ఎందరు గర్భిణులున్నరో ఎవరికన్న తెలుసా" అని అడిగిన. సప్పుడు లేదు. "పదకొండు" అని చెప్పి, ఆ చీర జారిన ముచ్చట చెప్పిన. పేరు చెప్పలే. వెనకాల కూసున్న ఒకామె లేచి "అది నా బిడ్డనే" అన్నది. ఇగ ఎవ్వరు మాట్లాడలే. తీర్మానం అయింది.

ఉపసర్పంచ్ సంతకానికి మూడుసార్లు తిరిగిన. నాలుగోసారి వాళ్ల కోడలు కూడా ఆ పదకొండు మందిల ఉన్నదని తెలిసింది, నిలబడ్డకాడనే పెట్టిండు.

కమిటీ డబ్బులు 10,000 ఖాతాల పడి ఉన్నయ్, ఏఎన్‌ఎంకు కూడా తెల్వదు. దాంట్లెకెళ్లి ఇనుప పైపుల తెర, రెండు దుప్పట్లు, ఒక బరువు తూచే మిషను. మంచం మా ఊరి వడ్రంగి ఆయన టేకు చెక్కతో చేసిండు. మరుగుదొడ్డి వచ్చే ప్రణాళికల పెట్టిండ్రు. కొత్త భవనానికి స్థలం దగ్గర లొల్లి నడుస్తున్నది, అది ఇప్పట్ల తేలేటట్టు లేదు.

ఒక తప్పు జరిగింది. మంచం ఎత్తు ఏఎన్‌ఎం నిలబడి చూసేందుకు కొలిచిండు, ఎక్కేటోళ్లకు కొలవలే. మొన్న బుధవారం తొమ్మిదో నెల పిల్ల ఎక్కలేక మళ్ల బల్ల మీదనే పండుకున్నది. ఇప్పుడు రెండు మెట్ల పీట చేయిస్తున్న. ఎంత ఎత్తు పెట్టమంటరు?

సమితి_నర్సమ్మ | ఆదివారం, రాత్రి 9:50

ఒక్కో మెట్టు జానెడు మించొద్దమ్మా. పక్కన పట్టుకోడానికి ఒక కడ్డీ పెట్టించు. మెట్ల మీద పాత సైకిలు టైరు ముక్కలు కొట్టించు, వానాకాలం తడి కాళ్లతో ఎక్కుతారు.